ఆది జాకెట్లతో కుట్టించిన ప్యాంట్లు

యూనిఫాంలు పంచిన ఉదయం సామాన్ల గదిలో ఉన్నవాళ్ళు: ఆడవాళ్ళు ముప్పై నలుగురు, మేనేజరుగారు, నేను. ఉన్న వస్తువులు: ముదురు నీలం ప్యాంట్లు ముప్పై నాలుగు, లేత నీలం చొక్కాలు అరవై ఎనిమిది, పేర్లు అంటించిన ప్లాస్టిక్ కవర్లు ముప్పై నాలుగు, నేల తుడిచే కర్రలు, ఫినాయిల్ డబ్బాలు, ఒక కుర్చీ. కుర్చీలో మేనేజరుగారు కూర్చున్నారు. నా చేతిలో ఒక పట్టిక ఉంది. అందులో నిలువు గడులు తొమ్మిది. తొమ్మిదో గడి పేరు ‘అభిప్రాయం’. దాన్ని నేనే కలిపాను, ఎవరూ అడగలేదు. తర్వాత జరిగిన చెడంతా ఆ గడిలోంచే వచ్చింది.

గార్మెంట్ టెక్నాలజీ డిప్లొమా చదువుతున్న తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీ కాలేజీ సంచికకు ‘ఉద్యోగంలో నేను సాధించినది’ అన్న విషయం మీద రాయమన్నారు. సాధించినవి మూడున్నాయి. మూడూ కలిపితే అర పేజీ రాదు. అందుకని నాకు బాగా తెలిసిన విషయం రాస్తున్నాను. ఇలాంటివి రాయాల్సింది రిటైరైన పెద్దవాళ్ళు. నాకింకా ఆ వయసు రాలేదు గానీ, ఆ ఉద్యోగం నుంచి మాత్రం ఎప్పుడో రిటైరయ్యాను.

శంషాబాద్‌లో విమానాశ్రయం తెరిచి మూడేళ్ళయింది అప్పటికి. నాకు ఇరవై మూడేళ్ళు. టెర్మినల్ శుభ్రం చేసే కాంట్రాక్టు తీసుకున్న ఒక సంస్థలో చేరాను. నా హోదా ‘యూనిఫాం, సామగ్రి ఇంజినీరు’. నా పని బకెట్లు లెక్కపెట్టడం. మా దగ్గర పనిచేసే ఆడవాళ్ళలో చాలామంది చుట్టుపక్కల ఊళ్ళ రైతు కుటుంబాల వాళ్ళు. పొద్దున్నే చీరల్లో వచ్చి, చీరల మీద ఒక నీలం కోటు తగిలించుకుని పనిలోకి దిగేవారు.

ఆ ఏడాది టెర్మినల్ నడిపేవాళ్ళు ఒక షరతు పెట్టారు. నేల రుద్దే మిషన్లలో, కదిలే మెట్లలో చీర కుచ్చిళ్ళు పడుతున్నాయి కాబట్టి ఫలానా సోమవారం నుంచి అందరూ ప్యాంటు, చొక్కా వేసుకోవాలి. ఆ ఉదయం తనిఖీ ఉంటుంది. చీరలో ఉన్నవాళ్ళను లోపలికి రానివ్వరు, వాళ్ళ ప్రవేశ కార్డు వెనక్కి తీసుకుంటారు. ఆ కార్డు సంగతి తెలియనివాళ్ళకు చెబుతున్నాను. మెడలో వేసుకునే ఫొటో కార్డు అది. అది లేకపోతే గేటు దాటలేరు, గేటు దాటకపోతే ఉద్యోగం లేదు. ఒకసారి పోతే మళ్ళీ పోలీసు విచారణ నుంచి మొదలుపెట్టాలి, నెలలు పడుతుంది.

ముప్పై నలుగురికి కొలతలు తీయాలి. వాళ్ళ నడుము చుట్టూ టేపు పెట్టే ధైర్యం నాకు లేదు, పెట్టనిచ్చే ఉద్దేశం వాళ్ళకూ లేదు. ఒక ఆడ టైలరును పిలిపిస్తే సగం పూటలో అయిపోయేది. అది నాకు తట్టలేదు. తట్టకపోవడానికి కారణం నా దగ్గర ఒక సూత్రం ఉండటం. మన రెండో సంవత్సరం పుస్తకంలో శరీర కొలతల పట్టిక ఉంటుంది, మీకూ ఉండే ఉంటుంది. ఛాతీ తెలిస్తే నడుము తెలుస్తుంది, నడుము తెలిస్తే తుంటి తెలుస్తుంది, తుంటి తెలిస్తే ప్యాంటు తెలుస్తుంది. ఛాతీ కొలత ఎక్కడుంటుంది? జాకెట్టులో. నోటీసు బోర్డు మీద నా చేత్తోనే రాశాను: ‘ప్రతి ఒక్కరూ రేపు ఒక మంచి ఆది జాకెట్టు తేవాలి. చిరిగినది, రంగు వెలిసినది, సాగినది తీసుకోబడదు.’ ‘తీసుకోబడదు’ అన్న మాట దగ్గర నాకు గర్వంగా అనిపించడం ఇప్పటికీ గుర్తుంది.

మర్నాడు ముప్పై నాలుగు జాకెట్లు వచ్చాయి. చాలావరకు కొత్తవిలా ఉన్నాయి. కొన్నిటికి కలరా ఉండల వాసన. నా నోటీసును ఎంత శ్రద్ధగా పాటించారో అని సంతోషించాను. బల్ల మీద పరిచి కొలిచాను, సూత్రంలో పెట్టాను, సగం అంగుళం వరకు లెక్క తేల్చి కుట్టడానికి పంపాను.

కవర్లు పంచిన మర్నాడు, తనిఖీకి ఇంకా పది రోజులుండగా, ఇరవై ముగ్గురు ప్యాంట్లలో వచ్చారు. పదకొండు మంది చీరల్లోనే వచ్చారు. ఆ పదకొండు మంది ముందు నిలబడింది అక్క. అందరూ ‘అక్క’ అనే పిలిచేవారు, వయసులో పెద్దవాళ్ళు కూడా. నలభై దాటి ఉంటుంది. పొద్దుటి బ్యాచికి పని పంచేది ఆమే.

“ఏంటక్కా, యూనిఫాం వేసుకోలేదేం?” అన్నాను.

“జర పది రోజులు చీరలనే రానియ్యి సారు. తర్వాత ఏసుకుంటం.”

“పది రోజులు ఎందుకు?”

“గట్లనే.”

“గట్లనే అంటే నేను పట్టికలో ఏమని రాయను?”

వెనకాల నుంచి ఒకామె, “గట్లనే అని రాయి సారు, తక్కువ సిరా పడ్తది,” అంది. అందరూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. నేను పెన్ను మూత పెట్టేశాను.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ నాకు లెక్క తేలాలి. పదకొండు మంది వయసులు తీసి చూశాను. అందరూ ముప్పై అయిదు దాటినవాళ్ళే. ప్యాంట్లు వేసుకున్న ఇరవై ముగ్గురిలో ఎక్కువమంది ముప్పై లోపువాళ్ళు. ఇంకేం కావాలి నాకు? రెండు పేజీల నివేదిక రాశాను. ‘వస్త్రధారణలో సంప్రదాయ పట్టుదల: ఒక పరిశీలన’ అని పేరు పెట్టాను. పొలం నుంచి ఫ్యాక్టరీకి, ఫ్యాక్టరీ నుంచి ఆఫీసుకు మన దేశంలో ఆడవాళ్ళ కట్టు ఎలా మారుతూ వచ్చిందో ఒక పేరా. పెద్దల ముందు కొంగు కప్పుకోవడం గురించి ఒక పేరా. వయసు పెరిగేకొద్దీ కొత్త దుస్తుల పట్ల వ్యతిరేకత పెరుగుతుందని ఒక గ్రాఫు. పదకొండు చుక్కలు ఒకే మూల కుప్పపడి ఉన్న ఆ గ్రాఫును నేను మూడుసార్లు గీశాను, అందం కోసం. చివర పట్టిక జోడించాను. తొమ్మిదో గడిలో పది పేర్ల ఎదురుగా ‘నిరాకరణ’ అని, అక్క పేరు ఎదురుగా ‘నిరాకరణకు నాయకత్వం’ అని రాశాను. ఆమె అడిగింది పది రోజుల గడువు. ఆ గడువు సంగతి నివేదికలో ఎక్కడా లేదు. గ్రాఫులో అది ఇమడలేదు.

మేనేజరుగారు గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి, మాట మెత్తన. నివేదిక చదివి కళ్ళజోడు తీశారు. “ఎంత చక్కగా రాశారండీ. ఇది పైవాళ్ళకు పంపుతాను,” అన్నారు. నేను ఆ రోజు క్యాంటీన్‌లో రెండు టీలు తాగాను.

తనిఖీకి ముందు శుక్రవారం ఆయన అక్కను పిలిపించారు. “ఒక్కరి కార్డు తీస్తే మిగతా పదిమంది సోమవారానికి దారిలోకి వస్తారండీ. ఎవరనేది మీరే రాసిపెట్టారుగా,” అన్నారు నాతో. నేను రాసిన రెండు మాటలకు అంత పని ఉంటుందని నాకు తెలియదు. తెలిసిన తర్వాత కూడా ఏమీ అనలేదు. అది ఆయన నిర్ణయం, నాది పరిశీలన మాత్రమే అని నాకు నేను చెప్పుకున్నాను.

కార్డు ఇచ్చేసి వస్తూ అక్క గేటు దగ్గర కనిపించింది. మెడలో తాడు ఒక్కటే వేలాడుతోంది, కార్డు లేదు.

“ఈ రన్‌వే కింద మా మూడెకరాలు వోయినయి సారు,” అంది. “బాత్రూములు కడగనీకే గానీ, రోజు గా మట్టి మీదికి పోతున్న గద అనుకుంటుంటి. గా కార్డు ఉంటెనే పోనిస్తరు.”

దానికి నేను చెప్పిన జవాబు రాయకుండా ఉండలేను. “యూనిఫాం కవరు వాపసు ఇవ్వాలక్కా,” అన్నాను.

“ఇస్త తియ్యి,” అని వెళ్ళిపోయింది.

శనివారం సాయంత్రానికి ఆ కవరు రాలేదు. సోమవారం తనిఖీలో సామాన్ల లెక్క కూడా చూస్తారు. నా పట్టికలో ఒకటి తక్కువ. ఆదివారం పొద్దున బండి వేసుకుని వాళ్ళ ఊరికి బయల్దేరాను. మనస్సాక్షి తరిమి వెళ్ళానని రాస్తే మీరు నమ్ముతారేమో గానీ, నన్ను తీసుకెళ్ళింది ఒక కవరు.

ఇంటి ముందు ఒక ముసలామె చేటలో కందులు చెరుగుతోంది. అక్క అత్త. చీరను రెండు కాళ్ళ మధ్య నుంచి వెనక్కి తీసి గోచి దోపుకుని, పిక్కల దాకా ఎత్తి కట్టుకుంది. పక్కన బోరింగు దగ్గర అక్క కూతురు లెగ్గింగు, పొడుగు టాపులో బిందె నింపుతోంది. వరండాలో చిలక్కొయ్యకు ఒక మగవాళ్ళ ఫుల్ చొక్కా వేలాడుతోంది, మోచేతుల దగ్గర మట్టి మరకలతో. లోపల కుట్టు మిషను చప్పుడు.

ముసలామె నన్ను కింది నుంచి పైకి చూసింది. “నువ్వేనా కొడుకా, ఆడోళ్ళకు ప్యాంట్లు కుట్టించినోడివి?”

“అవునమ్మా. మీ వైపు పెద్దవాళ్ళకు ప్యాంటంటే ఇష్టం ఉండదని...”

“ఎవలు జెప్పిన్రు?”

చెప్పింది నేనే, రెండు పేజీల్లో.

“మా అత్త కట్టిన గోచే నేను కట్టిన,” అంది. “నాట్లకు వోవాలె, బాయి దిగాలె, చెట్టెక్కాలె. గిది ప్యాంటు గాకపోతె ఏంది? లోపట లంగా కట్టుడు నా కోడలు నేర్చింది. అప్పుడు ఊరంత నవ్విన్రు, సంచిల కాళ్ళు వెట్టుకున్నట్టు గిదేం కట్టుడని.” చిలక్కొయ్య వైపు గడ్డం చూపింది. “గా అంగి ఎవలది అనుకున్నవ్? నా కొడుకుదే, ఏసేది కోడలు. పత్తి ఏరనీకి పోతె చీర మీద ఏసుకోని పోతది. చేతులు గీరుకోవద్దని.”

మూడు తరాల ఆడవాళ్ళు, నాలుగు రకాల బట్టలు, ఒకే వాకిలి. ఎవరూ కమిటీ వేయలేదు, ఎవరూ గ్రాఫు గీయలేదు. నా రెండు పేజీలు జేబులో ఉన్నట్టు అనిపించి జేబు తడుముకున్నాను. ఎందుకో తెలియదు. అవి పైవాళ్ళ దగ్గరే ఉన్నాయి.

లోపలికి వెళ్ళాను. అక్క మిషను దగ్గర కూర్చుని ఉంది. నేల మీద నా ముదురు నీలం ప్యాంట్లు పది, పేర్ల కాగితాలతో సహా. ఆరింటికి రెండు పక్కలా కుట్లు విప్పి, నడుము నుంచి కింద దాకా నాలుగు వేళ్ళ వెడల్పు పట్టీలు కలిపి ఉన్నాయి. నడుముకు గుండీ తీసేసి నాడా ఎక్కించింది.

“ఇదేంటక్కా?”

ఆమె తలెత్తలేదు. కూతురు గుమ్మంలోంచి అంది, “పట్టలేదు సార్ వాళ్ళకు. ఒక పెద్దమ్మకయితె తొడల కాడనే ఆగింది.”

“నువ్వు నీళ్ళు తేవే,” అంది అక్క.

“కానీ నేను జాకెట్లు కొలిచానుగా,” అన్నాను. ఈ మాట అంటున్నప్పుడు నా గొంతులో ఇంకా సూత్రం ఉంది.

అప్పుడు అక్క మిషను ఆపింది. “మంచి జాకిట్టు తెమ్మని బోర్డు మీద రాసినవు గద. చిర్గింది వద్దు, రంగు వోయింది వద్దు. ఇంట్ల మంచి జాకిట్టు ఎందుకుంటది సారు? పట్టకుండ అయినంక పెట్టెల వెడ్తం గన్క మంచిగుంటది. పట్టేది రోజు ఏసుకుంటం, అది చిర్గుతది. నీకు అందరు పెండ్లయిన కొత్తలయి తెచ్చిన్రు.”

 చదువుకునే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఈ ఒక్క వాక్యం మన మూడేళ్ళ పుస్తకాల్లో ఎక్కడా లేదు. పిల్లలు పుట్టకముందు కుట్టించుకున్న జాకెట్లు కొలిచి, ఇరవై ఏళ్ళ తర్వాతి నడుములకు సగం అంగుళం తేడా లేకుండా ప్యాంట్లు కుట్టించాను. వయసు పెరిగేకొద్దీ పెరిగింది వ్యతిరేకత కాదు.

“ముందే చెప్పొచ్చు కదక్కా.”

“ఏమని జెప్పాలె తమ్మీ? పదిమంది ఆడోళ్ళు మొగపిల్లగాని ముంగట నిలవడి, మా నడుములు గింత లావున్నయని రాయించుకోవాల్నా నీ పట్టికల? అందుకే పది రోజులు అడిగిన. మెల్లగ ఇప్పి కుడ్దామని.”

సారు నుంచి తమ్మీకి దిగాను. నాకు అది దిగడంలా అనిపించలేదు.

“నీ కార్డు తీసేసుకున్నారు కదా. ఇంకా ఎందుకు కుడుతున్నావు?”

“వాండ్లయి ఉన్నయి గద.” మిషను తొక్కడం మళ్ళీ మొదలుపెట్టింది. “ఇంక నాలుగున్నయి. డిప్లొమా చదివిన అంటివి. కుట్లు ఇప్పనీకి వస్తదా?”

బ్లేడు ఇచ్చింది. గోడకు ఆనుకుని కూర్చుని కుట్లు విప్పాను. నాలుగింటిలో ఒకదాన్ని గుడ్డతో సహా కోశాను. ముసలామె గుమ్మం దగ్గరకొచ్చి చూసి, “ఈయన సదివింది కుట్టనీకా, కొయ్యనీకా?” అని కోడల్ని అడిగి మళ్ళీ కందుల దగ్గరికి వెళ్ళింది. పట్టీల గుడ్డ శంషాబాద్ బజార్లో కొన్నదట, మా గుడ్డ కంటే ఒక ఛాయ లేత. ఆ మాట అన్నాను. నాకు ఊరుకోవడం చేతకాదు.

“నడుము పట్టాల్నా, రంగు కల్వాల్నా? రెంట్ల ఒకటి జెప్పు,” అంది అక్క.

సాయంత్రానికి పది ప్యాంట్లు అయ్యాయి. వచ్చేటప్పుడు ఆమె తన కవరు తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను పట్టిక తీసి, ఆమె పేరు ఎదురుగా ‘వాపసు’ అని టిక్కు పెట్టుకున్నాను. అలవాటు.

సోమవారం తనిఖీకి గంట ముందే మేనేజరుగారి దగ్గరికి వెళ్ళాను. చెప్పాల్సింది అయిదు అంశాలుగా రాసుకుని వెళ్ళాను. మొదటి అంశాన్నే మూడుసార్లు చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నారు.

“మీ నివేదికను పైవాళ్ళు మెచ్చుకుంటూ జవాబు రాశారండీ. ఇప్పుడు నేను వెళ్ళి అది సంప్రదాయం కాదు, జాకెట్ల పొరపాటని చెప్పమంటారా?”

“చెప్పండి సార్. పొరపాటు నాదని రాసిస్తాను.”

“రాసివ్వండి. కానీ ఆమె కార్డు శుక్రవారమే రద్దయింది. అది నా చేతిలో లేదు, మీ చేతిలో అసలు లేదు. కొత్త దరఖాస్తు పెడదాం. ఎన్నాళ్ళు పడుతుందో మీకు తెలుసుగా.”

తనిఖీకి వచ్చినాయన వరసగా నిలబడ్డ ముప్పై ముగ్గురినీ చూసుకుంటూ నడిచి, ఆ పదిమంది దగ్గర ఆగారు. ప్యాంట్ల పక్కల లేత నీలం పట్టీలు చూశారు.

“ఇది బాగుంది. వంగినా బిగుసుకోవడం లేదు. వీళ్ళకే ఎందుకు, అందరికీ లేదే?”

మేనేజరుగారు ఒక్క క్షణం నన్ను చూశారు. “మా ఇంజినీరు డిజైన్ సార్. ముందు కొంతమందికి వేసి చూస్తున్నాం.”

కాదని చెప్పడానికి నాకు అయిదు సెకన్ల టైము దొరికింది. ఆ పదిమందీ నా వైపే చూస్తున్నారు. నేను నా బూట్లు చూసుకున్నాను. తర్వాత వచ్చిన ఆర్డరులో అందరి ప్యాంట్లకూ ఆ పట్టీ పెట్టారు. నా ఉద్యోగ అనుభవ పత్రంలో ‘యూనిఫాం రూపకల్పనలో విశేష ప్రతిభ’ అన్న వాక్యం దాని గురించే. మొదట చెప్పిన మూడు విజయాల్లో అది రెండోది.

అక్క కోసం దరఖాస్తు మూడుసార్లు పెట్టాను. నేను అక్కడ ఉద్యోగం మానేసే నాటికి కార్డు రాలేదు. ఈలోగా ఆమె పహాడీ షరీఫ్ దారిలో ఒక ఫంక్షన్ హాల్లో పనికి కుదిరింది. మూడో దరఖాస్తు మీద సంతకానికి వెళ్ళినప్పుడు, “ఇగ ఇడువు తమ్మీ, నా పేరు రాసి రాసి నీ చెయ్యి నొస్తది,” అంది. సంతకం మాత్రం పెట్టింది.

తప్పు ఒప్పుకుంటూ రాసిన కాగితం సంగతి మిగిలింది. ఈసారి ఎవరి గురించి రాస్తున్నానో వాళ్ళకే ముందు చదివి వినిపించాలనుకున్నాను. తనిఖీ అయిన మర్నాడు టీ వేళలో ఆ పదిమందినీ సామాన్ల గదిలో కూర్చోబెట్టి చదివాను. ‘కొలత విధానంలో నా లోపం వల్ల పదకొండు ప్యాంట్లు సరిపోలేదు’ అన్న వాక్యం దగ్గరికి వచ్చేసరికి, సిరా తక్కువ పడుతుందన్న ఆమే చెయ్యెత్తింది.

“పదకొండు గాదు సారు. పది.”

“అక్కది?”

“అక్కది మంచిగనే పట్టింది. మా ముంగట ఏసుకోని, కూసోని, వంగి చూపిచ్చింది. ఆమె నీకు రోజు తొడుక్కునే జాకిట్టు ఇచ్చింది. అప్పటికి నీ బోర్డు సదవలే.”

“మరి ఆ రోజు వేసుకుని ఎందుకు రాలేదు?”

ఆమె నన్ను చిన్నపిల్లవాణ్ణి చూసినట్టు చూసింది. “ఆమె గూడ ఏసుకోని వస్తె మేం పదిమందిమే చీరలల్ల నిలవడాలె. అందరు మమ్ములనే చూస్తుండె. ఆమె ముంగట నిలవడ్డంక ఎవలు చూస్తరు మమ్ముల?”

కాగితం మీద పదకొండు కొట్టేసి పది అని దిద్దాను. దానికి జోడించిన పట్టికలో అక్క పేరు ఎదురుగా తొమ్మిదో గడి ఖాళీగా వదిలేశాను. కింద మొత్తం వేయాలి కాబట్టి వేశాను.

చీరల్లో నిలబడ్డవాళ్ళు పదకొండు. సరిపోని ప్యాంట్లు పది. సరిపోయినది ఒకటి. పోయిన కార్డు ఒకటి.